పక్కమనిషి తప్పు

ఆ స్టూడియోలో కథానాయికను తిట్టగల మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. అలాగని ఆవిడ తప్పులు చేయదని కాదు. అందరిలాగే చేస్తుంది. చేసినప్పుడు డాన్సు మాస్టారు ఆవిడ పక్కన ఆడే మనిషిని తిడతాడు. "చెయ్యి అలా వేలాడేస్తావేం, ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడు" అంటాడు. ఆ పక్కన ఆడే మనిషి తల వంచుకుంటుంది. నిజానికి ఆమె చెయ్యి మొదటి నుంచీ ఉండాల్సిన చోటే ఉంది. తర్వాతి టేకులో కథానాయిక చెయ్యి రెండంగుళాలు పైకి లేస్తుంది, మాస్టారు శభాష్ అంటాడు, పని జరిగిపోతుంది. పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి అనడం లోకంలో ఎక్కడైనా ఉన్నదే. దాన్నొక కొలువుగా చేసి, అందుకోసం ఒక మనిషిని పెట్టుకున్నది మాత్రం సినిమావాళ్ళే. ఆ కొలువులో ఉన్న మనిషిని పక్కమనిషి అంటారు.

మన కథానాయికను జనం బొంగరం అంటారు. తెరమీద వేసే పేరు వేరే ఉంది గానీ, మొదటి సినిమాలో ఆవిడ ఒకే పాటలో ఆగకుండా తిరిగిన ఇరవై నాలుగు చుట్లు చూశాక ఆ పేరుతో ఎవరికీ పని లేకుండా పోయింది. అది మొదలు ఆవిడ రాజకుమార్తె వేషం కట్టినా, రైతు పిల్ల వేషం కట్టినా, కథలో ఎక్కడో ఒకచోట గిర్రున తిరగాల్సిందే, హాలు ఈలలతో దద్దరిల్లాల్సిందే. ఇప్పుడావిడకు నలభై రెండేళ్ళు. పత్రికల లెక్కలో ముప్ఫై నాలుగు. కుడి మోకాలి లెక్కలో అరవై దాటాయి.

ఆ రోజు పల్లవి చివరి ముక్క తీస్తున్నారు. అందులో మూడు చుట్లున్నాయి. కుడికాలి మీద తిరిగి, మూడో చుట్టు పూర్తవుతూనే, లౌడ్‌స్పీకర్లో డోలు దెబ్బ పడేసరికి ఎడమ పాదం నేలకు ఆనించి కెమెరా వైపు చూడాలి. పక్కమనిషి అదే పని ఎదురు దిక్కున, అద్దంలో బొమ్మలా చెయ్యాలి. ఇద్దరి పాదాలూ ఒకే దెబ్బకు పడాలి. వెనక మూడు వరసల్లో పద్ధెనిమిది మంది అమ్మాయిలు. అందరికీ దోసకాయ రంగు పావడాలు.

మొదటి టేకులో పక్కమనిషి పాదం దెబ్బకే పడింది. బొంగరం పాదం అరమాత్ర తర్వాత పడింది.

"ముందే వచ్చేస్తున్నావు, ఎవరు తరుముతున్నారు నిన్ను" అన్నాడు మాస్టారు పక్కమనిషితో. అంటే, అమ్మగారూ మీరు ఆలస్యమవుతున్నారని. బొంగరానికి అర్థమైంది. రెండోసారి ఊపిరి బిగబట్టి తిరిగింది. మూడో చుట్టులో మోకాలు కలుక్కుమంది. మళ్ళీ అరమాత్ర. మూడోసారీ అంతే. నాలుగోసారికి మాస్టారి గొంతు పెరిగింది. వయసొచ్చిందే గానీ తాళం రాలేదన్నాడు. కాళ్ళా కట్టెలా అన్నాడు. ఇంత మందిని నిలబెట్టి ఫిల్ము తగలేయడానికి సిగ్గులేదా అన్నాడు. మాటలన్నీ పక్కమనిషి నెత్తిన పడుతున్నాయి. ఆయన ఇంకెవరినో తిడుతున్నట్టు బొంగరం అటు తిరిగి మేకప్పాయన చేత చెమట అద్దించుకుంటోంది. పదకొండేళ్ళుగా అలవాటైన పనే. మొదట్లో చెవులు వేడెక్కేవి. తర్వాత అదీ పోయింది. ఈమధ్య ఒక్కోసారి, నిజంగానే ఈ మనిషికి తాళం తప్పుతోందేమో అని కూడా అనిపిస్తోంది. సుఖంగా ఉండే అబద్ధాన్ని నమ్మడానికి మనిషికి ఎంతోసేపు పట్టదు.

అయిదో టేకు కూడా పోయాక మాస్టారు ఇంకా నోరు తెరవకముందే పక్కమనిషి మాట్లాడింది.

"నేను ముందు రావడం లేదు మాస్టారూ. దెబ్బకే వస్తున్నాను."

గట్టిగా కూడా అనలేదు. కానీ పైన లైట్ల దగ్గర కూర్చున్నవాళ్ళక్కూడా వినపడింది. పదకొండేళ్ళలో ఆమె నోటి వెంట వచ్చింది, సరే మాస్టారూ, ఇంకోసారి చేస్తాను మాస్టారూ, అంతే. ఇప్పుడు మాస్టారు ఏం చెయ్యాలి. ఆమె దెబ్బకే వస్తోందంటే, రానివారెవరో చెప్పాలి. పద్ధెనిమిది మంది అమ్మాయిలూ, కెమెరాయనా, క్లాపు పట్టుకున్నవాడూ అందరూ ఒక్కసారి బొంగరం వైపు చూశారు. కావాలని కాదు, కళ్ళు వాటంతటవే అటు పోయాయి.

ఒక్క మాట చాలు. నాదేలే మాస్టారూ, మోకాలు పట్టేసింది అని నవ్వేస్తే సరిపోయేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ సెట్టుకు అవతల కుర్చీలో నిర్మాత కూర్చుని ఉన్నాడు. పోయిన వారమే ఆయన పంతొమ్మిదేళ్ళ కొత్తమ్మాయిని రప్పించి రంగుల్లో ఎలా ఉంటుందో పరీక్షగా తీయించాడని వినికిడి. మోకాలు అన్న మాట ఆయన చెవిన పడితే ఇక ఈ సినిమాయే ఆఖరిది. బొంగరం చెయ్యి చాచి అద్దం అడిగింది. మేకప్పాయన ఇచ్చాడు. అందులో కనుబొమ్మ చూసుకుంది.

మాస్టారికి కావాల్సిన జవాబు దొరికింది. బయటికి నడవమన్నాడు పక్కమనిషిని. రేపటి నుంచి రావద్దన్నాడు. ఆమె వెళ్తూ వెళ్తూ మూడో వరస చివర నిలబడ్డ ఒకమ్మాయి వైపు చూసి, కదలొద్దన్నట్టు తల ఆడించింది. ఆ అమ్మాయి కదలలేదు. ఆ రోజుకు షూటింగు అక్కడితో ఆపేశారు.

మేకప్పు గదిలో మేకప్పాయన నూనె గుడ్డతో రంగు తీస్తూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన మొదటి సినిమా నుంచీ ఆవిడ మొహానికి రంగు వేస్తున్నవాడు. ఆయన మాట్లాడకపోతే ఆవిడకు ఊపిరాడదు. చివరికి ఆవిడే అంది, ఆ మనిషికి అంత పొగరేమిటి ఉన్నట్టుండి అని.

"మూడో వరస చివర ఒక పిల్ల ఉంది చూశారా. ఆవిడ కూతురు. ఇవాళే మొదటిరోజు" అన్నాడాయన. "కూతురి ముందు కూడా పడమంటే ఎలాగమ్మా."

నిన్నెవరు అడిగారని ఆవిడ కసిరింది. ఆయన గుడ్డ మార్చి గడ్డం కింద తుడవసాగాడు.

మర్నాడు సెట్టుకు రంగులు మారుస్తున్నారు గనక షూటింగు లేదు. బొంగరం పొద్దున్నే లేచి, ఆ మనిషికి అలా జరగాల్సిందే అనుకుంది. స్నానం చేశాక, పాపం అనుకుంది. టిఫిను ముందు కూర్చునేసరికి తల కొట్టేసినట్టుగా ఉంది. ఎన్నడూ లేనిది డ్రైవరును పిలిచి, గ్రూపు డాన్సర్ల ఇళ్ళు ఎక్కడ ఉంటాయని అడిగింది.

పక్కమనిషి ఉండేది అచ్చుకూటం మీది మేడగదిలో. కింద మిషను ఆడుతున్నంతసేపూ పైన గిన్నెలు సన్నగా గలగలమంటున్నాయి. బొంగరం చెక్క మెట్లు ఒక్కొక్కటే ఎక్కి పైకి వచ్చేసరికి తలుపు తీసే ఉంది. మంచం గోడకు నిలబెట్టేసి, గది మధ్య నేల మీద సుద్దతో గీతలు గీసుకున్నారు. తల్లి గోడకు ఆనుకుని కూర్చుని అరచేత్తో నేలమీద తాళం వేస్తోంది. కూతురు తిరుగుతోంది. మూడు చుట్లు, దెబ్బ, పాదం. మూడు చుట్లు, దెబ్బ, పాదం. వెంట్రుకవాసి తేడా లేదు. కొత్త మోకాళ్ళు, నూనె రాసిన తలుపులా తిరుగుతున్నాయి. చూస్తున్న బొంగరానికి ముందు అసూయ కలిగింది, తర్వాత ఆ అసూయకు సిగ్గు కలిగింది.

ఆవిణ్ణి చూడగానే తల్లీకూతుళ్ళు కంగారుపడ్డారు. ఉన్న ఒక్క కుర్చీ మీద బట్టలు తీసేసి తుడిచారు. కూతురు టీ పెట్టి ఇచ్చింది. పద్ధెనిమిదేళ్ళుంటాయి. కళ్ళు తిప్పకుండా ఆవిణ్ణే చూస్తూ, మీ సినిమాలన్నీ నాలుగేసి సార్లు చూశానని చెప్పింది. తల్లి ఏదో తెమ్మని వంకపెట్టి ఆ పిల్లను కిందికి పంపేసింది.

తప్పు నాది, నువ్వు క్షమించాలి అని చెప్పడానికే వచ్చింది బొంగరం. దారిలో నాలుగైదు రకాలుగా అనుకుంటూ కూడా వచ్చింది. తీరా నోరు తెరిచాక వేరే మాటలు వచ్చాయి. మాస్టారికి నేను చెప్తాను, నువ్వు మళ్ళీ వచ్చెయ్యి, పెద్దాయన కదా, ఏదో పొరపాటున అన్నానని ఆయనతో ఒక్క మాట అనేస్తే సరిపోతుంది అంది. అంటున్నంతసేపూ తన గొంతు తనకే వినబుద్ధి కాలేదు. అయినా పూర్తిగా అనేసింది.

పక్కమనిషికి కోపం రాలేదు. వస్తే బాగుండేది. తనకిక వద్దని, ఎలాగూ ఇంకో రెండేళ్ళకు మించి ఆడలేనని, కుట్టుపని వచ్చని చెప్పింది. గ్లాసు కింద పడిన టీ చుక్కను వేలితో తుడిచి అప్పుడు అసలు మాట అంది.

"నాకు మాస్టారి తిట్లు ఎప్పుడూ తగల్లేదమ్మా. అవి నావి కావని తెలుసు గనక. దానికి తెలీదు. అది చిన్నది, ఎవరేమంటే అది నమ్మేస్తుంది. మీ పక్కన మాత్రం నిలబెట్టనివ్వకండి. వెనక వరసలో ఎక్కడున్నా పరవాలేదు."

"పక్కమనిషి అంటే ఏమిటో దానికి చెప్పలేదా?"

"చెప్తే ఇక అది ఎవరినీ నమ్మదు కదమ్మా. ఆ చెప్పే రోజేదో దానంతటదే రానీ అనుకున్నాను."

బొంగరం మాట ఇచ్చింది. నా పక్కన ఆ పిల్ల నిలబడదు, నాది పూచీ అంది. మెట్లు దిగుతుంటే మోకాలు సలిపింది గానీ, మనసు కాస్త తేలికపడింది. క్షమాపణ చెప్పలేదన్న సంగతి కారెక్కాక గుర్తొచ్చింది. సరే, మాట నిలబెట్టుకుంటే అదీ ఇదీ చెల్లు అనుకుంది.

మూడోనాడు సెట్టులోకి అడుగుపెట్టేసరికి ఆ పిల్ల పక్కన నిలబడి ఉంది. దోసకాయ రంగు పావడాకు అదనంగా జరీ పట్టీ కుట్టారు, పక్కమనిషి గుర్తుగా. మొహం వెలిగిపోతోంది.

బొంగరం మాస్టారిని చాటుకు పిలిచి ఈ పిల్ల వద్దు, ఇంకెవరినైనా పెట్టండి అంది. ఆయన ఆశ్చర్యపోయాడు. మొత్తం గ్రూపులో ఆ మూడు చుట్లూ వచ్చింది ఆ పిల్లకేనని, ఇంకొకరికి నేర్పాలంటే రెండు రోజులు కావాలని, నిర్మాత ఇప్పటికే గడియారం చూసుకుంటున్నాడని చెప్పాడు. ఏమైనా ఇబ్బంది ఉందా అమ్మగారూ అని అడిగాడు. ఇబ్బందేమిటో చెప్పాలంటే మోకాలి దగ్గర మొదలుపెట్టాలి. ఒక్క షాటే కదా, ఎలాగోలా దెబ్బకు దిగేస్తే ఎవరినీ తిట్టే పనే ఉండదనుకుంది బొంగరం. లోపలికి వెళ్ళి మోకాలికి గట్టిగా గుడ్డ చుట్టించుకుని వచ్చింది.

మొదటి టేకు. పాట మొదలైంది. పెదవులు పాటతో కలిశాయి, నవ్వు ఎక్కడ రావాలో అక్కడ వచ్చింది. ఒకటి, రెండు, మూడు. దెబ్బ పడింది, పిల్ల పాదం పడింది. అరమాత్ర తర్వాత బొంగరం పాదం పడింది.

"అమ్మ బుద్ధులే వచ్చాయే నీకు" అన్నాడు మాస్టారు ఆ పిల్లతో. "ముందే దూకుతావేం?"

పిల్ల ఉలిక్కిపడింది. తన పాదం వైపు చూసుకుంది. సరే మాస్టారూ అంది. రెండో టేకులో, పాపం, కావాలని కాస్త ఆగి దిగింది. ఆ ఆగడం ఎక్కువైంది. ఈసారి నిజంగానే తప్పింది. మాస్టారు నెత్తి కొట్టుకున్నాడు. మూడో టేకులో దిగాలా ఆగాలా తెలియక కాళ్ళు మెలిక పడి పడబోయింది. ఇక ఆయనకు ఊపొచ్చింది. చెవిటిదానివా అన్నాడు. తల్లి పేరు చెప్పుకుని లోపలికొస్తే సరా అన్నాడు. పిల్ల కింది పెదవి పళ్ళతో నొక్కిపట్టి నిలబడింది. కళ్ళకింద కాటుక తడిసింది.

"మాస్టారూ, ఆపండి" అంది బొంగరం. "తప్పు నాది. మొన్న కూడా నాదే. నేనే ఆలస్యంగా వస్తున్నాను."

ఎట్టకేలకు అనేసింది. ఇక నిర్మాత లేచి వస్తాడు, కెమెరాయన మొహం తిప్పుకుంటాడు అని ఎదురుచూసింది. అలాంటిదేం జరగలేదు. ఒక్క క్షణం అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత మాస్టారు రెండు చేతులూ జోడించి నవ్వాడు. చూశారా, గ్రూపు పిల్ల తప్పును కూడా తన మీద వేసుకుంటున్నారు, అదీ అమ్మగారంటే అన్నాడు. నిర్మాత కుర్చీలోంచే చప్పట్లు కొట్టాడు. అమ్మాయిలు కొట్టారు. లైట్ల మీంచి కూడా చప్పట్లు వచ్చాయి. ఆ రోజు సెట్టు చూడ్డానికి వచ్చిన పత్రికాయన గబగబా రాసుకున్నాడు.

కాదు, నిజంగానే నాది అని బొంగరం మళ్ళీ అంది. చప్పట్లు ఎక్కువయ్యాయి. అన్నిటికంటే ఘోరమేమిటంటే, ఆవిడ మెడ దానంతటదే కాస్త పక్కకు వాలింది, పెదవుల మీద ఆ పేరుపడ్డ చిరునవ్వు వచ్చి కూర్చుంది. ఇరవై ఏళ్ళుగా చప్పట్లు వినపడితే ఆ మొహం చేసే పని అదే. అద్దం లేకపోయినా తన మొహం ఎలా ఉందో ఆవిడకు తెలుసు. చెంప పగలగొట్టుకోవాలనిపించింది.

చివరికి కెమెరాయనే ఉపాయం చెప్పాడు. మూడో చుట్టు దగ్గర అమ్మగారి మొహం ఒక్కటే తీసి, పాదాలు విడిగా తీద్దామన్నాడు. ఆ పాదాలు పిల్లవే పెట్టారు. షాటు ఒకేసారికి ఓకే అయింది.

సాయంత్రం అయిదున్నరకు బొంగరం కారు గేటు దగ్గరకు వచ్చేసరికి తల్లి అక్కడ ఉంది, కూతుర్ని తీసుకెళ్ళడానికి. పిల్ల ఆమె చెయ్యి పట్టుకుని ఏదో చెప్తోంది. బొంగరం మొహం చాటేసి వెళ్ళిపోదామనే అనుకుంది. డ్రైవరు హారను కొట్టాడు, ఇద్దరూ తిరిగి చూశారు. ఇక తప్పక కారు ఆపించి దిగింది.

పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. అమ్మగారూ, మీరు లేకపోతే ఇవాళ నన్ను తీసేసేవారు అంది. మూడుసార్లు తప్పు చేశానని, తనకు తాళం రాదన్న సంగతి ఇన్నాళ్ళూ తనకే తెలియలేదని, ఇంటికెళ్ళి ఇంకా సాధన చేస్తానని చెప్పింది. చెప్తున్నంతసేపూ నవ్వుతూనే ఉంది. ఆ నవ్వులో రవ్వంత అనుమానం లేదు. నమ్మేసింది.

తల్లి దగ్గరికి వచ్చి నిలబడింది. మాట ఇచ్చారు కదా అని అడగలేదు. బొంగరం మొహం వైపు చూసింది, అంతే. ఆ చూపు కింద బొంగరానికి ఒంటిమీద బట్టలు లేనట్టనిపించింది.

"నీ తప్పు కాదమ్మా" అంది బొంగరం పిల్లతో. "నిజంగా నాదే. నాకు మోకాలు పని చెయ్యడం లేదు."

"మీ మనసు ఎంత మంచిదమ్మా" అంది పిల్ల.

ఇక మాటలు పనికిరావని బొంగరానికి అర్థమైంది. తను ఏం చెప్పినా అది తన గొప్పతనం కిందే జమ అవుతుంది. నిజాన్ని కూడా చప్పట్లు కొట్టి చంపేయగలరు ఈ జనం. గేటు దగ్గర చాలామంది ఉన్నారు. ఇళ్ళకు వెళ్తున్న గ్రూపు అమ్మాయిలు, కాపలావాళ్ళు, పత్రికాయన, మోటారుసైకిలు తీస్తున్న మాస్టారు. లోపల ఎక్కడో నిర్మాత కారు కూడా స్టార్టయింది. బొంగరం చెప్పులు విడిచింది. కంకర మీద నిలబడింది.

"తాళం వెయ్యి" అంది పిల్లతో. "ఆ మూడు చుట్లకీ. నీ పాదం వద్దు, చేతులతో వెయ్యి. నా పాదం చూడు, మొహం చూడకు."

పిల్లకు ఏమీ అర్థం కాలేదు. తల్లి వెయ్యమన్నట్టు తల ఊపింది. పిల్ల చప్పట్లతో తాళం వేసింది. బొంగరం కుడికాలి మీద లేచింది. ఒకటి, రెండు, మూడు. దెబ్బ పడింది. తర్వాత పాదం పడింది. గేటు కాపలావాడు ఆనందం పట్టలేక ఈల వేశాడు.

మళ్ళీ వెయ్యమంది. ఈసారి అమ్మాయిలు చుట్టూ మూగారు. దెబ్బ పడింది, తర్వాత పాదం. ఈలలు రాలేదు. పిల్ల కనుబొమ్మలు దగ్గరపడ్డాయి. లెక్క సరిచూసుకుంటున్నట్టు పెదవులు కదిపింది. మాస్టారు, ఇదేమిటమ్మగారూ అంటూ రాబోయి, సగం దారిలో ఆగిపోయాడు.

మళ్ళీ అంది బొంగరం. ఈసారి మూడో చుట్టు సగంలో మోకాలు మడతపడింది. కారు పట్టుకుని నిలదొక్కుకుంది. పాదం ఆ తర్వాత ఎప్పుడో వచ్చి నేలకు ఆనింది. కంకర గీసుకుని మడమ నెత్తురు చిమ్మింది. అందరూ చూశారు. నిర్మాత కారు గేటు దగ్గరే ఆగి ఉంది, అద్దం దించి ఉంది. బొంగరం తలెత్తలేకపోయింది. మొన్న అందరి కళ్ళూ తనవైపు తిరిగినప్పుడు అద్దం అడిగింది. ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు.

పిల్ల మాత్రం ఆవిణ్ణి చూడటం లేదు. తల్లి చెయ్యి పట్టుకుని గుంజుతోంది.

"అయితే నేను దెబ్బకే వచ్చానా అమ్మా?"

"దెబ్బకే వచ్చావు."

"మొదటిసారి కూడానా?"

"మొదటిసారి కూడా" అంది తల్లి. ఇద్దరూ రోడ్డు వైపు నడిచారు. పిల్ల నాలుగడుగులు వేసి, ఆగి, నడిరోడ్డు మీదే గిర్రున మూడు చుట్లు తిరిగింది. తల్లి చప్పట కొట్టిన క్షణానికి ఆ పాదం నేలమీద ఉంది.